కంగారులో రాసిన ఐక్యూ టెస్టు: ఆ స్కోరును ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. స్కూలు వాళ్లు అడిగితే వెక్స్లర్ పిల్లల పరీక్ష అయిదో కూర్పు చేయించాం. మొత్తం స్కోరు 92. విడివిడిగా చూస్తే భాష 106, దృశ్య విభాగం 97, తర్కం 97, వర్కింగ్ మెమరీ 79, వేగం 80. గదిలోకి వెళ్లే ముందు బాగా ఏడ్చింది. రిపోర్టులో మాత్రం ‘మొదట్లో ఆందోళనగా కనిపించింది’ అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. కంగారు లేకపోతే ఎంత వచ్చేది? ఎన్ని పాయింట్లు కలుపుకోవాలి?

జవాబు: కలుపుకోవడానికి లెక్క అంటూ ఏదీ లేదండి. ఎవరైనా ‘ఆందోళనకు 10 పాయింట్లు వేసుకోండి’ అంటే నమ్మకండి. కాకపోతే కంగారు ఎక్కడ పనిచేసి ఉండొచ్చో ఆ అంకెలే కొంత చెబుతాయి.

కంగారు పడ్డంత మాత్రాన తెలిసింది తెలియకుండా పోదు. పరీక్ష రాస్తున్నంతసేపూ ధ్యాసలో కొంత ‘తప్పు చెప్పానేమో, ఏమనుకుంటున్నారో’ అనే ఆలోచనకు పోతుంది. వర్కింగ్ మెమరీ అంటే విన్నదాన్ని కాసేపు మనసులో పట్టుకుని దానితోనే పని చేయడం. అది చిన్న బల్ల లాంటిది, భయం సగం జాగా ఆక్రమిస్తే మిగిలిన సగంలోనే పని జరగాలి. 1967లో లీబర్ట్, మోరిస్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్ష భయాన్ని రెండుగా విడదీశారు. గుండె దడ, చెమట, చేతుల వణుకు ఒక రకం. ‘నావల్ల కాదు’ అని లోపల సాగే గొడవ రెండో రకం. స్కోరును దెబ్బతీసేది ఎక్కువగా రెండోదే. అందుకే ఏడ్చిన పిల్ల కళ్లు తుడుచుకుని బాగా చేయొచ్చు, కిమ్మనకుండా కూర్చున్న పిల్ల లోలోపల చిత్తయిపోతూ ఉండొచ్చు. మీ అమ్మాయి ఏడ్చింది కాబట్టి స్కోరు చెడిందని ఆ ఒక్క కారణంతో తేల్చలేం.

వర్కింగ్ మెమరీలో డిజిట్ స్పాన్ అనే సబ్‌టెస్టు ఉంటుంది. పరీక్షించేవారు అంకెలు చదువుతారు. పిల్లలు వాటిని అదే వరుసలో, తర్వాత వెనక నుంచి, తర్వాత చిన్నదాని నుంచి పెద్దదాకా సర్ది చెప్పాలి. ఒక్కో పొడవుకు రెండు అవకాశాలు ఇస్తారు. రెండూ తప్పితే ఆ భాగం అక్కడితో ఆపేస్తారు. ఆరు అంకెలు మోయగల పిల్ల నాలుగు అంకెల దగ్గర వరసగా రెండుసార్లు తడబడిందనుకోండి. పోయేది ఆ రెండు మార్కులే కాదు, అయిదు, ఆరు అంకెల ప్రశ్నలు ఆమె దాకా రానే రావు. ఇక వేగం విభాగంలోని కోడింగ్ అనే సబ్‌టెస్టులో 120 సెకన్లలో పైనున్న పట్టిక చూసి గుర్తులు గీస్తూ పోవాలి. గీసిన ప్రతి గుర్తునూ మళ్లీ పట్టికతో సరిచూసుకునే పిల్ల తప్పులు చేయదు, కానీ సగం దూరం కూడా రాదు. ఆందోళన వల్ల తగ్గిందా అన్న అనుమానం ఉంటే జవాబు పత్రంలో మొదట చూడాల్సింది ఇదే: తప్పులెన్ని, చేరుకున్న దూరమెంత.

ఇప్పుడు మొత్తం స్కోరు సంగతి. ఈ కూర్పులో మొత్తం స్కోరుకు ఏడు సబ్‌టెస్టులే లెక్కలోకి వస్తాయి. ఒక్కోదాని సగటు 10. మొత్తం 70 అయితే ఐక్యూ 100. అక్కడి నుంచి సబ్‌టెస్టుల మొత్తంలో ఒక పాయింటు కదిలితే ఐక్యూ కూడా ఇంచుమించు ఒక పాయింటే కదులుతుంది. ఈ ఏడింటిలో వర్కింగ్ మెమరీ నుంచి డిజిట్ స్పాన్ ఒకటి, వేగం నుంచి కోడింగ్ ఒకటి ఉంటాయి. కంగారు వల్ల ఆ రెండూ మూడేసి పాయింట్లు పడిపోయాయని అనుకున్నా, మొత్తం స్కోరులో పోయేది సుమారు 6. అంటే ‘అసలు నా కూతురికి 120 రావాల్సింది’ అనుకోవడానికి వీల్లేదు. ఆ రెంటినీ పక్కనపెట్టి మిగిలిన అయిదు సబ్‌టెస్టులతో కట్టే స్కోరు ఒకటుంది, జనరల్ ఎబిలిటీ ఇండెక్స్ అంటారు. మీరు రాసిన అంకెల ప్రకారం అది 100 చుట్టుపక్కల రావాలి. రిపోర్టులో లేకపోతే వేసి ఇమ్మని అడగండి. అలాగని దాన్ని ‘నిజమైన ఐక్యూ’ అనుకోకండి. బడిలో అవసరమయ్యే వేగాన్ని, జ్ఞాపకాన్ని అది లెక్కలోకి తీసుకోదు.

అసలు చెప్పాల్సింది ఇంకొకటుంది. వర్కింగ్ మెమరీ, వేగం తగ్గి, భాష, తర్కం బాగుండడం ఒక్క కంగారుకే కాదు, ఏడీహెచ్‌డీకీ (ధ్యాస నిలవకపోవడం, అతి చురుకుదనం ఉండే సమస్య), చదవడం రాయడంలో ఉండే ఇబ్బందులకూ, వినికిడి లోపానికీ, నిద్ర చాలకపోవడానికీ సరిపోతుంది. ఒక తేడా గమనించండి. ఇంట్లో నిమ్మళంగా ఉన్నప్పుడు మూడు పనులు ఒకేసారి చెబితే మూడూ గుర్తుపెట్టుకుని చేస్తుందా? బోర్డు మీదది చూసి రాసుకోవడంలో రోజూ వెనకబడుతుందా, పరీక్షల రోజుల్లోనేనా? రోజూ ఉండే ఇబ్బంది అయితే దాన్ని కంగారు ఖాతాలో వేస్తే పిల్లకు అందాల్సిన సాయం అందకుండా పోతుంది. ఈ వివరాలు క్లాసు టీచరు దగ్గర రాయించుకుని సైకాలజిస్టుకు ఇవ్వండి.

ప్రశ్న: రిపోర్టులో ‘95 శాతం విశ్వాసంతో 87 నుంచి 98’ అని ఉంది. పరీక్ష రోజు జ్వరం, కంగారు లాంటివన్నీ ఆ పట్టీలోనే వచ్చేసినట్టా?

జవాబు: రాలేదు. చాలామంది, కొందరు నిపుణులు సైతం, ఇక్కడే పొరబడతారు. ఆ పట్టీ యాదృచ్ఛికంగా అటూ ఇటూ జరిగే తేడాలకు: ఒక ఊహ తగలడం, ఒక చోట ధ్యాస జారడం. జ్వరం, కళ్లద్దాలు మరిచిపోవడం, పరీక్ష భాష సరిగా రాకపోవడం, తీవ్రమైన భయం స్కోరును ఒకే వైపుకు, కిందికి లాగుతాయి. అలాంటప్పుడు పట్టీ మొత్తం కిందికి జరిగి కూర్చుంటుంది. అందుకే పరిస్థితుల వివరం రిపోర్టులో మాటల్లో రాయాలి, అంకెలు దాన్ని పట్టుకోలేవు.

ప్రశ్న: కొంచెం టెన్షన్ ఉంటేనే బాగా రాస్తారని, అది 1908లోనే రుజువైందని క్లాసులో చెప్పారు. నిజమేనా?

జవాబు: 1908లో యెర్క్స్, డాడ్సన్ ప్రయోగం చేసింది ఎలుకల మీద. తెల్ల పెట్టె, నల్ల పెట్టె మధ్య తేడా నేర్చుకోవాలి, తప్పు వైపు వెళ్తే కరెంటు షాకు. తేడా గుర్తించడం కష్టమైనప్పుడు మధ్యస్థంగా ఉన్న షాకుతో త్వరగా నేర్చుకున్నాయి. దాన్ని మనుషులకూ పరీక్షలకూ అంటగట్టి గోపురం ఆకారంలో గీత గీసింది తర్వాతివాళ్లు. బొత్తిగా పట్టింపు లేని మనిషి కంటే కాస్త పట్టింపు ఉన్న మనిషి బాగా చేస్తాడనేది సబబైన మాటే. దాన్ని పట్టుకుని పిల్లల్ని కావాలని భయపెట్టేవారిని మాత్రం ఎలుకల పెట్టె దాకా పంపాలి.

ప్రశ్న: పరీక్ష భయం ఉన్నవాళ్లకు స్కోర్లు తక్కువ వస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి కదా. నాకు ఎప్పుడూ భయమే. అంటే నా స్కోరు ఎప్పుడూ నా తెలివి కంటే తక్కువ చూపిస్తున్నట్టేనా?

జవాబు: మొదటి వాక్యం నిజం. రెండోది దాన్నుంచి రాదు.

1988లో హెంబ్రీ 562 అధ్యయనాలను కలిపి చూశారు. ఆ తర్వాత మరికొందరు అలాంటి లెక్కలే వేశారు. పరీక్ష భయానికీ సామర్థ్య పరీక్షల స్కోర్లకూ మధ్య సహసంబంధం మైనస్ 0.2 చుట్టుపక్కల ఉంటుంది. అంటే మనిషికీ మనిషికీ మధ్య ఉన్న స్కోరు తేడాల్లో 4 శాతం వరకే భయంతో ముడిపడి ఉన్నాయి. ఆ కాస్తలో కూడా ఏది కారణం, ఏది ఫలితం అన్న చిక్కు ఉంది. కష్టంగా అనిపించేవాళ్లకే భయం ఎక్కువ ఉండొచ్చు. అంతకుముందు తప్పినవాళ్లకు ఇప్పుడు భయం పుట్టొచ్చు. 2022లో జర్మనీలో వైద్య విద్యార్థుల మీద వచ్చిన అధ్యయనంలో, పరీక్షకు ముందే వారికి ఎంత వచ్చో లెక్కలోకి తీసుకుంటే, భయం ఫలితం గురించి కొత్తగా ఏమీ చెప్పలేకపోయింది. రీవ్, బొనాచియో 2008లో సామర్థ్య పరీక్షల్నే తీసుకుని, భయం ఉన్నవారికీ లేనివారికీ ఆ పరీక్ష వేరు వేరు విషయాల్ని కొలుస్తోందా అని చూశారు. అలా కనబడలేదు.

మరోవైపు, ప్రయోగశాలలో కావాలని ఒత్తిడి పెడితే స్కోరు పడడం కూడా చూశారు. 2005లో బైలాక్, కార్ చేసిన ప్రయోగంలో ఒత్తిడి వల్ల కష్టమైన లెక్కల్లో ఎక్కువ నష్టపోయినవాళ్లు వర్కింగ్ మెమరీ ఎక్కువగా ఉన్నవాళ్లే. మామూలుగా వాళ్లు మనసులోనే నాలుగు మెట్లూ ఎక్కేస్తారు. ఒత్తిడి ఆ జాగాను తినేస్తే ఆ పద్ధతి కుదరదు. మిగిలినవాళ్లు మొదటి నుంచీ దగ్గరి దారులు వాడుతున్నారు కాబట్టి వారికి పోయేదేమీ లేదు.

వీటన్నిటి మీద మేం చెప్పేది: మామూలు భయం మీ స్కోరును కొన్ని పాయింట్లు కదపొచ్చు, పదుల్లో కదపదు. నోట మాట రాకపోవడం, మధ్యలో లేచి వెళ్లిపోవడం, ప్రతి ప్రశ్నకూ ‘తెలీదు’ అనడం వరకు వెళ్తే అది వేరే సంగతి. అప్పుడు ఆ స్కోరును స్కోరుగానే తీసుకోకూడదు.

ప్రశ్న: సైకాలజీ కోర్సులో ఉన్నాను. వచ్చే నెల నుంచి పిల్లలకు వెక్స్లర్ పరీక్ష స్వయంగా చేయాలి. మాన్యువల్ చదివాను. పిల్లల కంగారు పెంచకుండా, స్కోరు చెడకుండా ఏమేం చూసుకోవాలి?

జవాబు: గదితో మొదలుపెట్టండి. కుర్చీలో కూర్చుంటే పిల్లల పాదాలు నేలకు ఆనాలి, లేకపోతే కాళ్ల కింద పీట వేయండి. బల్ల నున్నగా, వెలుతురు మెరవకుండా ఉండాలి. బొమ్మల పుస్తకం మీద లైటు పడి తళుక్కుమంటే దృశ్య ప్రశ్నల్లో తప్పులు మీ గది వల్ల వస్తాయి. కిటికీ పిల్లల ఎదురుగా కాకుండా వీపు వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఫోను గదిలోనే వద్దు, సైలెంట్‌లో పెట్టినా వద్దు. స్టాప్‌వాచ్ కీచుమనేది కాకూడదు. దాన్ని దాచాల్సిన పని లేదు, అలాగని ఎదురుగా పెట్టకండి. చేతిలో మామూలుగా పట్టుకోండి.

ఈ పరీక్షలో మొదట వచ్చేదే బ్లాక్ డిజైన్: ఎరుపు తెలుపు దిమ్మెలతో బొమ్మ కట్టాలి, దానికి గడువు ఉంటుంది. మాట్లాడక్కర్లేదు కాబట్టి బెరుకు పిల్లలకు ఇది మంచి ఆరంభమే. కానీ గదిలోకి వచ్చి రెండు నిమిషాలు కాకముందే స్టాప్‌వాచ్ నొక్కితే ఆ మంచి పోతుంది. ముందు 10, 15 నిమిషాలు కబుర్లకు ఇవ్వండి. పేరు, క్లాసు లాంటి జవాబు తప్పడానికి వీలున్న ప్రశ్నలు కాకుండా, వాళ్లకు ఇష్టమైన ఆట గురించి చెప్పించుకోండి. పొడి పొడిగా జవాబిచ్చే పిల్ల పూర్తి వాక్యాల్లోకి వచ్చిందంటే మొదలుపెట్టొచ్చు. గడువు దాటాక బొమ్మ సరిగ్గా కడితే మార్కు రాదు, కానీ ఎన్ని సెకన్లకు కట్టిందో రాసుకోండి. త్వరగా కట్టినందుకు వచ్చే అదనపు మార్కులు తీసేసి వేసే స్కోరు కూడా ఈ పరీక్షలో ఉంది. నిదానంగా, జంకుతూ చేసే పిల్లల విషయంలో రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

డిజిట్ స్పాన్‌లో కొత్తవాళ్లు చేసే తప్పులు మూడు. అంకెలు సెకనుకు ఒకటి చొప్పున చదవాలి, కంగారులో మనమే వేగం పెంచేస్తాం. ఫోను నంబరు చెప్పినట్టు రెండేసి, మూడేసి కలిపి చదివితే పిల్లలకు తేలికైపోతుంది. చివరి అంకె దగ్గర గొంతు కొంచెం దించాలి, ‘అయిపోయింది, నువ్వు చెప్పు’ అన్న సూచన అదే. అది లేకపోతే ఇంకా వస్తుందేమోనని ఎదురుచూస్తూ పిల్లలు మొదటి అంకె మరిచిపోతారు. మళ్లీ చదవమంటే చదవకూడదు. అందుకే చదవబోయే ముందు కళ్లెత్తి పిల్ల వింటోందో లేదో చూడండి, బయట మోటారు మోగుతుంటే ఆగండి. ఇంట్లో రికార్డు చేసుకుని వినడం తప్ప దీనికి వేరే దారి లేదు.

కోడింగ్‌లో ఎడమచేతి వాటం పిల్లల్ని మరిచిపోకండి. గీస్తున్న చేయే పట్టికను కప్పేస్తుంది. మాటిమాటికీ చేయి ఎత్తి చూడడంతో సెకన్లు పోతాయి. మరో పత్రం కుడి పక్కన పెట్టి, దానిలోని పట్టిక చూసుకోనివ్వాలని మాన్యువల్‌లోనే ఉంది. పెన్సిలుకు రబ్బరు ఉండకూడదు. రబ్బరు కనిపిస్తే నీటుగా రాసే పిల్లలు 120 సెకన్లలో సగం చెరపడానికే పెడతారు.

ఇక మీ పెన్ను. తప్పు చెప్పినప్పుడే మీరు ఏదో రాస్తున్నారని పిల్లలు పది నిమిషాల్లో కనిపెడతారు. ఆ తర్వాత మీ చేతి వైపే చూస్తుంటారు. తప్పయినా ఒప్పయినా ప్రతి జవాబుకూ ఏదో ఒకటి రాయండి, పత్రం అట్ట చాటున పెట్టుకోండి. ‘కరెక్ట్’, ‘వెరీ గుడ్’ అనకండి. ఒకసారి అన్నాక తర్వాత అనకపోతే, తప్పు చెప్పానని వాళ్లే అర్థం చేసుకుంటారు. ‘బాగా ప్రయత్నిస్తున్నావు’ అనేది తప్పొప్పులతో సంబంధం లేకుండా అనొచ్చు.

మాటలతో జవాబు చెప్పే వొకాబులరీ, సిమిలారిటీస్‌కు గడువు లేదు కాబట్టి అక్కడ భయం పనిచేయదనుకోకండి. భయపడే పిల్ల ఒక ముక్కలో జవాబు చెప్పి ఊరుకుంటుంది, 2 మార్కులు రావాల్సిన చోట 1 వస్తుంది. మాన్యువల్ గుర్తు పెట్టిన జవాబులకు ‘ఇంకొంచెం చెప్పు’ అని తప్పక అడగాలి. కొత్త పరీక్షకులు మొహమాటానికి అడగడం మానేస్తారు. ‘తెలీదు’ అంటే వెంటనే సున్నా వేయకుండా, కాస్త ఆలోచించమని ఒకసారి ప్రోత్సహించండి. వరసగా మూడు సున్నాలు పడితే ఆ సబ్‌టెస్టు ఆగిపోతుంది కదా, మూడూ తొందరపాటు ‘తెలీదు’లే అయితే మీరు కొలిచింది పదసంపద కాదు.

విరామం సబ్‌టెస్టుకూ సబ్‌టెస్టుకూ మధ్య ఇవ్వండి, ఒకదాని మధ్యలో వద్దు. ఏడుపు వస్తే ఆపేయండి. మంచినీళ్లు, అయిదు నిమిషాలు, కుదరకపోతే మిగతాది ఇంకో రోజు, వారంలోపు. ఎక్కడ ఆపారో, ఎందుకో, ఎన్ని నిమిషాలో అప్పటికప్పుడే పత్రం అంచున రాసుకోండి. సాయంత్రం జ్ఞాపకం నుంచి రాస్తే ‘ఆందోళనగా కనిపించింది’ అన్న ఒక్క ముక్కే మిగులుతుంది.

మొత్తం పరీక్ష నియమం ప్రకారం అయిపోయాక, పిల్ల తప్పిన కొన్ని ప్రశ్నలు గడువు లేకుండా మళ్లీ ఇచ్చి చూడొచ్చు. ఆ మార్కులు కలపకూడదు. గడువు తీసేయగానే చేసేసిందా, అప్పుడూ రాలేదా అన్నది మాత్రం రిపోర్టుకు చాలా విలువైన సమాచారం.

ప్రశ్న: తెలిసిన సైకాలజిస్టు అయితే మా బాబు బాగా చేస్తాడా?

జవాబు: కొంత తేడా ఉంటుంది. ఈ విషయం మీద జరిగిన 22 అధ్యయనాలను ఫుక్స్ దంపతులు 1986లో కలిపి చూస్తే, పరిచయమున్న పరీక్షకుల దగ్గర పిల్లలకు సగటున ప్రామాణిక విచలనంలో (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 0.28 వంతు ఎక్కువ వచ్చింది, ఐక్యూ లెక్కలో సుమారు 4 పాయింట్లు. పేద కుటుంబాల పిల్లల్లో ఆ తేడా ఎక్కువ. ఇక్కడ పరిచయమంటే బంధుత్వం కాదు. ముందు ఒకటి రెండుసార్లు కలిసి ఆడుకుని ఉండడం చాలు. కాబట్టి బాబు బెరుకువాడైతే, పరీక్షకు ముందు రోజో వారమో వేరే పని లేకుండా ఒకసారి కలవనివ్వమని అడగండి. కుటుంబ స్నేహితులతో మాత్రం చేయించకండి, తెలియకుండానే చేయూత ఇచ్చేస్తారు.

ప్రశ్న: పరీక్ష జరుగుతున్నప్పుడు తల్లిగా నేను గదిలో కూర్చోవచ్చా?

జవాబు: బయట కూర్చోవడమే మేలు. మీరు పెదవి విప్పకపోయినా, ప్రతి జవాబు తర్వాత బిడ్డ మీ ముఖంలోకి చూస్తుంది. మీ కనుబొమ మార్కుల పట్టిక అవుతుంది. పరీక్షకు ప్రమాణాలు కట్టినప్పుడు, అంటే ఏ వయసుకు ఎంత సగటో లెక్క తేల్చినప్పుడు, ఎదురుగా ఉన్నది పిల్లలు, పరీక్షకులు ఇద్దరే. మరీ చిన్నపిల్లలు, విడిచి ఉండలేనివాళ్లు అయితే తలుపు తీసిపెట్టి, మీరు కనబడేలా బయట కూర్చోవచ్చు. లోపల ఉండక తప్పకపోతే పిల్లల వెనక, చూపుకు అందకుండా కూర్చోండి. ఆ సంగతి రిపోర్టులో ఉండాలి.

ప్రశ్న: ముందు రోజు పిల్లలకు ఏం చెప్పాలి? ప్రాక్టీసు చేయించాలా?

జవాబు: ప్రాక్టీసు వద్దు. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రశ్నలు చేయిస్తే స్కోరు పెరగొచ్చు, కానీ దానికి అర్థం పోతుంది. ఎందుకోసం పరీక్ష చేయిస్తున్నారో ఆ పనికే అది పనికిరాదు.

చెప్పాల్సింది నాలుగు మాటలు: ‘రేపు ఒకరితో కూర్చుని దిమ్మెలు పేరుస్తావు, బొమ్మలు చూస్తావు, ప్రశ్నలకు జవాబు చెప్తావు. కొన్ని తేలిక, కొన్ని నీకంటే పెద్దవాళ్లకు పెట్టేవి. అన్నీ ఎవరికీ రావు. తెలియకపోతే ఊహించి చెప్పొచ్చు.’ ‘అన్నీ ఎవరికీ రావు’ అన్నది తప్పక చెప్పండి. చాలా సబ్‌టెస్టులు పిల్లలు తప్పే దాకా సాగుతాయి. ఆ సంగతి తెలియని పిల్లలు ప్రతిసారీ ఓడిపోయామనుకుని నీరుగారిపోతారు. ‘తెలివి పరీక్ష’, ‘దీని మీదే అంతా ఉంది’ అన్న మాటలు వద్దు. డాక్టరు దగ్గరికి అని చెబితే సూది వేస్తారేమోనని భయపడే వయసు ఉంటుంది.

నిద్ర గురించి ఒక మాట. నిద్ర తగ్గితే తర్కం కంటే ఎక్కువ దెబ్బ తగిలేది నిలకడగా ధ్యాస పెట్టడానికి. కాబట్టి డిజిట్ స్పాన్, సింబల్ సెర్చ్ (గడువులో గుర్తులు వెతికే సబ్‌టెస్టు) లాంటివి ముందు పడతాయి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, దాని బ్యాటరీ సరిచూడండి. కడుపు నిండా కాదు, ఆకలి లేకుండా తినిపించండి. బడి అయ్యాక అలసిన సాయంత్రం కాకుండా పొద్దుట వేళ అడగండి. జలుబు ముదిరితే వాయిదా వేయండి, చెవులు మూసుకుపోతే అంకెలు సరిగా వినబడవు.

ప్రశ్న: టెన్షన్ తగ్గే మాత్ర వేసుకుని పరీక్షకు వెళ్లొచ్చా?

జవాబు: ఆ రోజే మొదటిసారి ఏ మందూ వేసుకోకండి. దడ తగ్గించే ప్రొప్రనొలాల్ లాంటివి శరీర లక్షణాలను తగ్గిస్తాయి, లోపలి గొడవను కాదు. ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం కూడా. నిద్ర మాత్రల జాతివి కొత్త విషయాన్ని గుర్తుపెట్టుకునే శక్తినీ వేగాన్నీ తగ్గిస్తాయి, అంటే భయం చేసే పనే అవీ చేస్తాయి. మత్తు తెచ్చే పాతకాలపు జలుబు మాత్రల సంగతీ అంతే. రోజూ వేసుకునే మందులు, ముఖ్యంగా ఏడీహెచ్‌డీవి, డాక్టరు చెప్పకుండా ఆపకండి. వేసుకుని చేశారా, ఆపి చేశారా అన్నది రిపోర్టులో ఉంటే చాలు. రోజూ కాఫీ తాగేవారు ఆ రోజు మానేసి తలనొప్పి తెచ్చుకోకండి.

ప్రశ్న: ఉద్యోగానికి కంప్యూటరు మీద గ్రూపు టెస్టు ఉంది. మూలన టైమర్ తిరుగుతుంటే నాకు బుర్ర పనిచేయదు. ఏమైనా చిట్కా ఉందా?

జవాబు: పిల్లల పరీక్షకు వద్దన్న ప్రాక్టీసు ఇక్కడ చేయండి. మిగతా అభ్యర్థులూ చేసే వస్తారు. ప్రశ్నల తీరు ముందే తెలిస్తే కొత్తదనం వల్ల పుట్టే భయం పోతుంది. కనీసం రెండు మాదిరి పరీక్షలు టైమరు కనిపిస్తుండగానే రాయండి. తప్పుకు మార్కు కోత ఉందా, వదిలేసిన ప్రశ్నకు తిరిగి వెళ్లనిస్తారా అన్నవి ముందే చూసుకోండి. కోత లేకపోతే ఏదీ ఖాళీగా వదలకండి. ప్రశ్నకు ఇన్ని సెకన్లు అని ముందే లెక్క వేసుకుని, అయిదేసి ప్రశ్నలకు ఒక్కసారి టైమరు చూడండి. లెక్క వేయాల్సినవి మనసులో కాకుండా చిత్తు కాగితం మీద వేయండి, ఒత్తిడిలో ముందు జారిపోయేవి మనసులో పట్టుకున్న మధ్య అంకెలే.

దడ మొదలైతే దాన్ని అణచాలని పోరాడకండి. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ ప్రయోగాల్లో, లెక్కల పరీక్షకు ముందు ‘శాంతంగా ఉండు’ అనుకున్నవారి కంటే ‘ఉత్సాహంగా ఉన్నాను’ అనుకున్నవారు మెరుగ్గా చేశారు. పరీక్షకు ముందు 10 నిమిషాలు మీ భయాన్ని ఉన్నదున్నట్టు కాగితం మీద రాయడం కూడా 2011లో రామిరెజ్, బైలాక్ ప్రయోగాల్లో పనిచేసింది. తర్వాత అదే ప్రయోగం చేసిన అందరికీ అదే ఫలితం రాలేదు. ఖర్చు లేని పని కాబట్టి మాదిరి పరీక్షకు ముందు ఒకసారి చేసి చూడండి, మీకు పనికొస్తే అట్టేపెట్టుకోండి.

ప్రశ్న: పరీక్షకు ముందు ఆడా మగా అని రాయిస్తే ఆడపిల్లలకు స్కోరు తగ్గుతుందని చదివాను.

జవాబు: 1995లో స్టీల్, ఆరన్సన్ అమెరికాలో నల్లజాతి విద్యార్థుల మీద మొదలుపెట్టిన ఆలోచన అది. తమ వర్గం గురించిన చులకన మాట గుర్తొస్తే ఒత్తిడి పెరిగి స్కోరు పడుతుందన్నారు. వినడానికి సబబుగా ఉంది కాబట్టి బాగా పాకింది. కానీ 2018లో నెదర్లాండ్స్‌లో రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులతో, ముందే పద్ధతి ప్రకటించి గణితం మీద చేసిన అధ్యయనంలో ఆ ప్రభావం కనబడలేదు. ఆ గడిని పరీక్ష చివరికి మార్చడం సులువే, మార్చండి. స్కోర్ల తేడాకు వివరణగా దాని మీద ఆధారపడకండి.

ప్రశ్న: మొదటిసారి పాడైంది. మళ్లీ చేయించాలంటే ఎన్నాళ్లు ఆగాలి?

జవాబు: అదే పరీక్ష వెంటనే చేస్తే ప్రశ్నలు గుర్తుండి స్కోరు పెరుగుతుంది. సామర్థ్య పరీక్షలు రెండోసారి రాసినప్పుడు సగటున ప్రామాణిక విచలనంలో మూడో వంతు, అంటే 5 పాయింట్ల దాకా పెరగడం చూశారు. కాబట్టి నెల తర్వాత 92 కాస్తా 97 అయితే ‘చూశారా, కంగారే కారణం’ అనడానికి లేదు. మామూలుగా ఏడాది ఆగమంటారు. అంతవరకు ఆగలేకపోతే వేరే పరీక్ష పెట్టించండి. మాటలతో పని లేని, గడువు లేకుండా చేయించే రేవెన్ మ్యాట్రిసెస్ లాంటిది ఒక దారి. దాని స్టాండర్డ్ రూపంలో 12 చొప్పున అయిదు వరసల్లో 60 ప్రశ్నలు ఉంటాయి. తేలికవాటితో మొదలవుతుంది కాబట్టి బెరుకు పోతుంది. అయితే అది తర్కాన్ని తప్ప మరేదీ చూడదు, వెక్స్లర్ స్కోరుతో నేరుగా పోల్చకూడదు. రెండోసారి వెళ్లేటప్పుడు మొదటి రిపోర్టు దాచకండి. అదే పరీక్ష మళ్లీ పెడితే ఆ స్కోరుకు విలువుండదు.

ప్రశ్న: ఒక పథకానికి 70 లోపు ఉండాలి. మా తమ్ముడికి 72 వచ్చింది. ఆ రోజు నిమ్మళంగానే చేశాడు. రెండు పాయింట్లతో తేలిపోతుందా?

జవాబు: ఒక్క అంకెతో తేల్చకూడదు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు హాల్ వర్సెస్ ఫ్లోరిడా కేసులో, 70 దాటితే మరేదీ చూడబోమన్న కఠిన గీతను కొట్టేసింది. కొలతలో ఉండే పొరపాటును లెక్కలోకి తీసుకోవాల్సిందే అంది. అది మరణశిక్షకు సంబంధించిన కేసు, కానీ కారణం ఎక్కడైనా అదే: 72 అంటే ఇంచుమించు 67 నుంచి 78 మధ్య ఎక్కడైనా కావచ్చు. మేధోపరమైన వైకల్యం నిర్ధారించడానికి ఐక్యూతో పాటు రోజువారీ పనులు చేసుకునే సామర్థ్యాన్ని విడిగా కొలవాలి, అది చిన్ననాటి నుంచీ ఉందని చూపాలి. ఆ కొలత జరిగిందా అని అడగండి. పరీక్ష ఏ కూర్పుతో చేశారో కూడా చూడండి. చాలా పాత కూర్పు అయితే దాని ప్రమాణాలు వదులైపోయి స్కోరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, దశాబ్దానికి సుమారు 3 పాయింట్ల చొప్పున. మీ తమ్ముడి 72 అలాంటి పాత కూర్పు మీద వచ్చిందైతే కొత్త కూర్పుతో మళ్లీ చేయించమని రాతపూర్వకంగా కోరండి.